పంటి బిగువున

ఇండియన్ డెంటల్ అసోసియేషన్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాఖల అధ్యక్షులకు, రెండు రాష్ట్రాల్లో ఇంప్లాంట్లు వేస్తున్న దంతవైద్యులందరికీ,



నేను డాక్టర్ని కాను. ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని. మీ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు ఏ పేషెంటూ ఏమీ చెప్పలేడు. లేచాక బిల్లు, మందుల చీటీ, తర్వాతి అపాయింట్‌మెంటు. ఈ మధ్యలో ఎక్కడా చెప్పే వీలు దొరకని మాట ఒకటి ఉంది. దానికోసమే ఈ ఉత్తరం.

2018లో నా కింది దవడకు ఎడమ వైపు రెండు ఇంప్లాంట్లు వేశారు. రెండేళ్ళపాటు అవి సొంత పళ్ళు కావన్న సంగతే గుర్తు లేదు. జామకాయ, వేరుశనగ ఉండ, జంతికలు అన్నీ ఆ వైపే నమిలేదాన్ని. 2020 చివర్లో మా అత్తగారికి మతిమరుపు జబ్బు ముదిరింది. రాత్రి రెండింటికి లేచి, తలుపు గడియ తీసి, మా ఊరు వెళ్ళిపోతాను అనేవారు. ఎనభై ఏళ్ళ మనిషి, చీకట్లో. ఆవిడ మంచం పక్కనే చాప వేసుకుని పడుకునేదాన్ని. ఆవిడ కదిలితే నాకు మెలకువ వచ్చేది. కదలకపోయినా మెలకువ వచ్చేది, ఊపిరి ఆడుతోందో లేదో చూద్దామని. రాత్రి పూట పళ్ళు తోముకోవడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఆర్నెల్లకోసారి క్లినిక్ వాళ్ళు ఫోన్ చేస్తే "వచ్చే వారం వస్తానండీ" అనేదాన్ని. ఆ వచ్చే వారం రెండేళ్ళకు వచ్చింది.

అప్పటికి ఇంప్లాంటు చుట్టూ చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. నొక్కితే చీము. నొప్పి మాత్రం లేదు, అందుకే రాలేదు. ఎక్స్‌రే చూసి డాక్టరు గారు ఒక్కటే మాట అన్నారు. "బ్రష్ సరిగ్గా చెయ్యట్లేదమ్మా మీరు." నిజమే కదా. ఏమీ అనలేకపోయాను. క్లాసులో హోంవర్కు చెయ్యని పిల్లలా తల దించుకున్నాను. నేను ఎంతమంది పిల్లల్ని అలా నిలబెట్టానో ఆ క్షణంలో గుర్తొచ్చింది. ఎందుకు చెయ్యలేదని నేనూ వాళ్ళను అడగలేదు.

తర్వాతి సిటింగులో శుభ్రం చేసిన అమ్మాయి ఇంకా చదువుకుంటున్న జూనియర్ డాక్టరు. చేతి తొడుగులు వేసుకుంటూ, మామూలుగా, "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగింది. జవాబు చెప్పబోయి ఏడ్చేశాను. ఆ అమ్మాయి తొడుగులు తీసేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని పది నిమిషాలు కూర్చుంది. కేస్ షీటులో మొదటి నుంచీ నా షుగరు ఉంది, బీపీ ఉంది, ఏ మందు పడదో ఉంది. రెండేళ్ళుగా రాత్రి నిద్ర లేదన్న సంగతి ఆ రోజే చేరింది.

రెండు ఇంప్లాంట్లలో ఒకటి నిలిచింది. రెండోది తీసెయ్యాల్సి వచ్చింది. ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యడానికి రాయడం లేదు. నాకు వైద్యం చేసినవాళ్ళు శ్రద్ధగానే చేశారు. కానీ ఆ ఒక్క ప్రశ్న ముందే ఎవరైనా అడిగి ఉంటే, అన్న ఆలోచన నన్ను వదలలేదు. మా మేనకోడలు డెంటల్ కాలేజీలో చదువుతోంది. దాని పుస్తకాలూ, అది తెచ్చిపెట్టిన పరిశోధన వ్యాసాలూ ఏడాదిగా చదువుతున్నాను. అర్థం కాని చోట అది విడమరిచి చెప్పింది. అంకెలు ఉన్నచోట నాకు సాయం అక్కర్లేకపోయింది.

మొదట నన్ను ఆపేసింది 1998 నాటి ఒక అధ్యయనం. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో మరూచా, కీకోల్ట్-గ్లేసర్ బృందం చేసింది. పదకొండు మంది విద్యార్థుల అంగిట్లో మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేశారు. ఒకసారి వేసవి సెలవుల్లో, మళ్ళీ టర్ములో మొదటి పెద్ద పరీక్షకు మూడు రోజుల ముందు, అంగిట్లో రెండో వైపు. అదే మనిషి, అదే నోరు. పరీక్షల ముందు చేసిన గాయం మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది, అంటే నలభై శాతం ఆలస్యం. పదకొండు మందిలో ఒక్కరికి కూడా పరీక్షల కాలంలో సెలవుల్లో మానినంత త్వరగా మానలేదు. గాయం మానడానికి తొలి పిలుపునిచ్చే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా తయారీ సంకేతం 68 శాతం పడిపోయింది. ఆ పదకొండు మందీ ఎవరనుకున్నారు? దంతవైద్య విద్యార్థులు. మీవాళ్ళే.

కొన్నాళ్ళలో ముగిసిపోయే పరీక్షకే అంత తేడా వస్తే, ముగింపు కనబడని దిగులు మాటేమిటి? దానికీ జవాబు అదే యూనివర్సిటీ నుంచి 1995లోనే వచ్చింది. మతి తప్పిన బంధువులకు సేవ చేస్తున్న పదమూడు మంది స్త్రీలు, అదే వయసులో ఆ భారం లేని మరో పదమూడు మంది. చేతి మీద అదే కొలత గాయం. భారం లేనివాళ్ళకు 39 రోజుల్లో మానింది, సేవ చేస్తున్నవాళ్ళకు దాదాపు 49 రోజులు పట్టింది. ఆ పదమూడు మందిలో నేనూ ఒకదాన్నన్నట్టే చదివాను.

ఇంతవరకూ గాయాల సంగతి. ఇంప్లాంటు చుట్టూ జరిగేది వేరే. గాయం మానాలంటే సరైన సమయానికి, సరైనంత వాపు కావాలి. అది వచ్చి, పని చేసి, తగ్గిపోవాలి. పాచిలోని బ్యాక్టీరియా వల్ల చిగురులో వచ్చే వాపు అలా తగ్గదు, నెలల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. దిగులు మొదటిదాన్ని అణిచేస్తుంది, రెండోదాన్ని ఆర్పనివ్వదు. ఈ రెండూ ఎలా పొసగుతాయో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. మేనకోడలు చెప్పింది. భయమో బెంగో పట్టుకున్నప్పుడు మూత్రపిండాల మీది గ్రంథులు కార్టిసాల్‌ను వదులుతాయి. ఆ హార్మోను పనుల్లో ఒకటి వాపుకు కళ్ళెం వెయ్యడం. కొన్నాళ్ళయితే మంచిదే. ఏడాదుల తరబడి అదే పనిగా పారుతుంటే రక్షణ కణాలు దాని మాట వినడం మానేస్తాయి. కళ్ళెం చేతిలోనే ఉంటుంది, గుర్రం మాత్రం ఆగదు.

ఆ గుర్రానికి సొంత పన్ను దగ్గర కంటే ఇంప్లాంటు దగ్గర అడ్డు తక్కువ. ఇది మీకు తెలిసిందే, నాలాంటి పేషెంట్ల కోసం రాస్తున్నాను. సొంత పన్నుకూ ఎముకకూ మధ్య సన్నటి నార పొర ఉంటుంది. చిగురులోని నార పోగులు పన్ను వేరులోకి నాటుకుని ఉంటాయి. ఇంప్లాంటుకు ఆ పొర లేదు. ఎముక టైటానియాన్ని నేరుగా పట్టుకుంటుంది, చిగురు మాత్రం దాని చుట్టూ కడియంలా చుట్టుకుని ఉంటుంది, అంతే. నార పొర లేదు కాబట్టి ఆ పొర తెచ్చే రక్తమూ అక్కడికి రాదు. అందుకే వాపు ఒకసారి కిందికి దిగితే ఎముక త్వరగా కరుగుతుంది. సొంత పన్ను మీద బరువు ఎక్కువైతే ముందుగా హెచ్చరించేది ఆ నార పొరే. ఇంప్లాంటుకు ఆ ఎరుక బాగా తక్కువ. ఇంప్లాంట్లు ఉన్నవాళ్ళు నిద్రలో పళ్ళు నూరితే ఎంత బలంగా నూరుతున్నారో తెలియకపోవడానికి అదొక కారణం.

దిగులుకూ పళ్ళకూ ఉన్న ముడిని మన భాష ఎప్పుడో పట్టుకుంది. కష్టాన్ని పైకి చెప్పుకోకుండా ఓర్చుకుంటే పంటి బిగువున భరించింది అంటాం. కోపం వస్తే పళ్ళు కొరుకుతాం, కసి ఉంటే పళ్ళు నూరుతాం. మా అమ్మ తన కష్టాలన్నీ పంటి బిగువునే భరించింది, నాకూ అదే నేర్పింది. ఆడపిల్లలకు మనం నేర్పే మొదటి ఓర్పు అదే. ఆ బిగువు పళ్ళ మీదే పడుతుందని ఎవరూ చెప్పలేదు.

సైన్సు విషయంలో నిజాయితీగా ఉండాలి. దిగులు వల్లే ఇంప్లాంటు పాడవుతుందని రుజువు చేసిన అధ్యయనం నేను చదివిన వాటిలో లేదు. ఇంప్లాంటు చుట్టూ చిగురులో ఊరే ద్రవంలో కార్టిసాల్‌ను కొలిచి, జబ్బు ఉన్నచోట ఎక్కువ ఉందని చెప్పిన అధ్యయనాలున్నాయి. అవి చిన్నవి. రెండూ కలిసి కనబడటం వేరు, ఒకటి రెండోదానికి కారణం కావడం వేరు. లెక్కల టీచర్ని, ఆ తేడా చెరిపెయ్యలేను. సొంత పళ్ళ విషయంలో సాక్ష్యం ఇంకాస్త గట్టిగా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో నెలల తరబడి గడిపిన సైనికుల చిగుళ్ళు కుళ్ళి రక్తం కారేవి. ఆ జబ్బుకు కందకం పేరే పెట్టారు. ఇవాళ్టికీ దాని కారణాల్లో మానసిక ఒత్తిడిని లెక్కవేస్తారు. 1999లో న్యూయార్క్ రాష్ట్రం ఈరీ కౌంటీలో 1426 మందిని పరీక్షించిన జెంకో బృందం, డబ్బు ఇబ్బందులు నలిపేస్తున్నవాళ్ళలో చిగుళ్ళ జబ్బు ఎక్కువని చూసింది. అదే డబ్బు ఇబ్బంది ఉన్నా, దాన్ని ఒక సమస్యగా ఎదురుగా పెట్టుకుని దారి వెతుక్కోగలిగినవాళ్ళకు ఆ ప్రమాదం ఎక్కువ కాలేదు. ఈ రెండో మాట నాకు చాలా ధైర్యం ఇచ్చింది. కష్టాన్ని మీరు తీసెయ్యలేరు, కానీ దాన్ని మొయ్యడంలో ఒకరి చెయ్యి తోడైతే చిగురుకు కూడా తేడా తెలుస్తుందేమో.

అయితే నా వాదన ఆ కార్టిసాల్ కొలతల మీద నిలబడింది కాదు. 2017లో షికాగోలో అమెరికా, ఐరోపా చిగుళ్ళ నిపుణులు కూర్చుని ఈ జబ్బులకు కొత్త వర్గీకరణ రాశారు. ఇంప్లాంటు చుట్టూ ఎముక కరిగే జబ్బు ముప్పును పెంచుతాయని బలమైన సాక్ష్యం ఉన్నవి మూడని తేల్చారు: అంతకు ముందు తీవ్రమైన చిగుళ్ళ జబ్బు ఉండటం, పాచి సరిగ్గా తీసుకోకపోవడం, ఇంప్లాంటు తర్వాత క్రమం తప్పకుండా చూపించుకోకపోవడం. పొగ, షుగరు గురించి కూడా అప్పటికి తేల్చి చెప్పలేదు. ఈ మూడింట్లో చివరి రెండూ చూడండి. తోముకోకపోవడం, రాకపోవడం. రెండూ మనిషి చేసే పనులు, చెయ్యలేని పనులు. బుద్ధిగా తోముకుని, బుద్ధిగా వచ్చే మనిషి ఒక రోజు నుంచి ఎందుకు మానేస్తాడు? భార్య పోయి ఉంటుంది. కొడుకు ఉద్యోగం పోయి ఉంటుంది. పంట మునిగి ఉంటుంది. దిగులు ముందు గుమ్మంలోంచి వచ్చిందో లేదో శాస్త్రం ఇంకా తేల్చుకోనివ్వండి, పెరటి గుమ్మంలోంచి మాత్రం వచ్చేసింది. "బ్రష్ చెయ్యట్లేదు" అన్నది నా విషయంలో పూర్తిగా నిజం. ఆ నిజం దగ్గరే వైద్యం ఆగిపోయింది.

ఇది ఒకరిద్దరి సంగతి కాదు. 2015లో డెర్క్స్, తొమాసీ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కూర్చి చూస్తే, ఇంప్లాంట్లు ఉన్నవాళ్ళలో సగటున 43 శాతానికి చుట్టూ చిగురు వాపు, 22 శాతానికి ఎముక కరిగే జబ్బు. జబ్బు అని దేన్ని అనాలో ఒక్కొక్కరు ఒక్కో కొలత పెట్టుకోవడం వల్ల అంకెలు చాలా తేడాగా వచ్చాయని వాళ్ళే రాశారు. సగానికి తగ్గించుకున్నా చిన్న సంఖ్య కాదు. స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1965లో మొదటి మనిషికి వేసిన ఇంప్లాంట్లు ఆ పేషెంటు 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళు నోట్లో నిలిచాయి. అంత కాలం నిలవగల వస్తువును మీరు మా ఎముకలో పెడుతున్నారు. నలభై ఏళ్ళలో ఒక మనిషికి ఎన్ని చావులు, ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని అప్పులు! చిగురు వాపు దశలో పట్టుకుంటే వెనక్కి తిప్పవచ్చని, ఎముక దాకా వెళితే కష్టమని మీ పుస్తకాలే చెబుతున్నాయి. అందుకే ఆ మధ్య కాలంలో పేషెంటు జీవితంలో ఏం జరుగుతోందో మీకు తెలియాలి.

ఇప్పుడు అడగదలుచుకున్నవి అడుగుతాను.

కేస్ షీటులో షుగరు, బీపీ కింద ఇంకో గీత గీయండి. నిద్ర ఎలా ఉంది, ఇంట్లో పెద్ద కష్టం ఏదైనా నడుస్తోందా? అంతే. మామూలు డాక్టర్లు కుంగుబాటును పట్టుకోవడానికి రెండు ప్రశ్నలు వాడతారట. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, మనసు కుంగిపోయినట్టు ఉందా. వీటికి రెండు నిమిషాలు చాలు. జవాబు అవును అని వస్తే మీరు మనస్తత్వవేత్తలు కానక్కర్లేదు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416 ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారు, డబ్బు అక్కర్లేదు. ఆ కాగితం మీ చేతుల మీదుగా వస్తే మాకు సిగ్గు ఉండదు. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారని ఇంట్లో ఎవరూ అనరు, పళ్ళ డాక్టరు ఇచ్చారంటారు.

ఇంప్లాంటు అత్యవసర ఆపరేషన్ కాదు. ఇంట్లో చావు జరిగి నెల కాని మనిషి, ఐసీయూలో ఉన్న తండ్రి దగ్గర రాత్రిళ్ళు కూర్చుని పగలు మీ దగ్గరికి వచ్చిన మనిషి కనబడితే, మూడు నెలలు ఆగుదామని మీరే చెప్పండి. ఈలోగా తీసి పెట్టుకునే పళ్ళు ఇవ్వవచ్చు. ఆగితే పేషెంటు ఇంకో క్లినిక్‌కు పోతాడన్న భయం మీకుంటుందని తెలుసు. ఆ భయం ఒక్కరు వదులుకుంటే నష్టమే, అందుకే ఒక్కరికి కాకుండా సంఘానికి రాస్తున్నాను.

కుంగుబాటుకు మందులు వాడుతున్నారా అని అడగండి. 2014లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు 490 మందిలో 916 ఇంప్లాంట్లను చూశారు. సెరోటోనిన్ మీద పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు వాడేవాళ్ళలో 10.6 శాతం, వాడనివాళ్ళలో 4.6 శాతం ఇంప్లాంట్లు విఫలమయ్యాయి. ఆ మందులు ఎముక కట్టుకోవడాన్ని మందగింపజేస్తాయని వాళ్ళ అనుమానం. వాడేవాళ్ళ సంఖ్య అందులో తక్కువ, యాభై ఒక్కమందే. ఇది చదివి ఎవరూ మందు ఆపకండి, చేతులు జోడించి చెబుతున్నాను. పన్ను మళ్ళీ పెట్టించుకోవచ్చు. డాక్టర్లయిన మీరు కూడా ఆపమనకండి, ఆ మందు రాసిన డాక్టరుతో ఒకసారి మాట్లాడండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మా పక్కింటి వాచ్‌మన్ భార్యకు ముందరి పళ్ళు పోయాయి. నవ్వడం మానేసిందని అతను వాయిదాల మీద ఇంప్లాంట్లు పెట్టించాడు. ప్రేమతో చేసిన పని. ఇప్పుడు నెల తిరిగేసరికి కంతు. ఆ కంతు కట్టాలి కాబట్టి చెకప్‌కు డబ్బు లేదు. ఈరీ కౌంటీ లెక్కల్లో చిగుళ్ళను తినేసిన ఆ డబ్బు ఇబ్బందిని ఇంప్లాంటే ఇంటికి తెచ్చింది. బిల్లు చెప్పేటప్పుడే రాబోయే పదేళ్ళ చెకప్పుల ఖర్చు కూడా కలిపి చెప్పండి. బ్రిడ్జి, తీసి పెట్టుకునే పళ్ళు కూడా వైద్యమేనని, అవి పెట్టించుకుంటే చిన్నతనం కాదని చెప్పండి.

రావడం మానేసిన పేషెంటుకు వెళ్ళే ఫోన్ కాల్ గురించి ఒక మాట. "మీ క్లీనింగ్ డేట్ అయిపోయింది" అనే బదులు "బాగున్నారా అమ్మా, ఈమధ్య రాలేదేం?" అని రిసెప్షన్ అమ్మాయి చేత అడిగించండి. నన్ను అలా అడిగి ఉంటే మా అత్తగారి సంగతి చెప్పేదాన్ని. పగలు ఆవిడ నిద్రపోయే రెండు గంటల్లో రమ్మనేవారేమో.

ఒక భయం కూడా ఉంది. ఈ ఉత్తరం వల్ల "టెన్షన్ వల్లేనమ్మా" అన్నది కొత్త సాకు కాకూడదు. క్యాపు అంటించేటప్పుడు చిగురు కింద మిగిలిపోయిన సిమెంటు కూడా ఇదే వాపు తెస్తుంది. ఇంప్లాంటు వంకరగా పడితే పాచి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. క్యాపుకూ చిగురుకూ మధ్య చిన్న బ్రష్ దూరే సందు లేకపోతే ఎంత శ్రద్ధ ఉన్నా వృథా. మీ పని మీరు ముందు చూసుకుని, ఆ తర్వాత మా మనసు సంగతి అడగండి. పేషెంటు మీద మోపడానికి ఇంకో తప్పు దొరికిందనుకుంటే, నా పేరు చెప్పి నాలాంటివాళ్ళకు అన్యాయం చేసినట్టే.

మా అత్తగారు పోయినేడు మాఘంలో పోయారు. చివరి నెలల్లో నన్ను అమ్మా అని పిలిచేవారు. ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. మిగిలిన ఇంప్లాంటు చుట్టూ రక్తం రావడం ఆగింది. తోముకోవడం వల్లా, నిద్ర వల్లా, వైద్యం వల్లా, దేని వాటా ఎంతో నేను లెక్క కట్టలేను.

మీ రాష్ట్ర శాఖల తర్వాతి సమావేశంలో ఈ ఒక్క గీత విషయం చర్చకు పెట్టండి. నన్ను అడిగిన ఆ జూనియర్ అమ్మాయికి ఆ ప్రశ్న ఎవరూ నేర్పలేదట, వాళ్ళ నాన్నమ్మ అందరినీ అలా అడిగేదట. అది నాన్నమ్మల దగ్గర ఆగిపోకుండా మీ కేస్ షీటులోకి రావాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
రాజమహేంద్రవరం నుంచి
ఒక రిటైర్డ్ టీచరు, మీ పేషెంటు